చీటీ మీద పేరు

బెల్లంపల్లి,
28 జనవరి 2024

విద్యా,

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావని కోడలు చెప్పింది. ఎత్తి ఏం చేయను? ముప్పయ్యేళ్లు బొగ్గుబాయి మీద ఫ్యాన్‌హౌస్‌లో ఆ హోరు పక్కన నిలబడిన చెవులివి. ఎదుటి మనిషి గట్టిగా మాట్లాడితే సగం మాట అందుతుంది, ఫోన్‌లో అదీ లేదు. ఎప్పటిలాగే ఉత్తరం రాయి. నీ దస్తూరీ కోడి కెలికినట్టే ఉంటుంది గానీ మెట్‌పల్లి హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి చదువుతున్నాను, ఇబ్బంది లేదు.

అసలు సంగతి. కిన్నెర ఆర్కెస్ట్రా ఇక లేదు. మొన్న కోరుట్లలో ఒక పెళ్లికి పోయాను. అంత దూరం పోయి మన పాటగాడు హనుమండ్లును చూడకుండా రావడమేమిటని మెట్‌పల్లి బస్సెక్కాను. ఇంటి ముందు వ్యాన్ లేదు. అమ్మేశారట. అతని భార్య కోమల గేటు కూడా తీయలేదు. "పండుకున్నడు సార్. ఎవలతోని మాట్లాడుత లేడు" అంది. పొద్దున పదకొండు గంటలకు పడుకున్నాడట! అది పోనీ. ఇరవై ఏళ్లుగా నన్ను 'అన్నా' అని పిలిచి, అన్నం తినిపించందే పంపని మనిషి 'సార్' అంది. నేనేం తప్పు చేశానా అని బస్టాండు దాకా ఆలోచించాను. ఏమీ తట్టలేదు.

అంటే సెప్టెంబరులో మీ గల్లీ గణపతి దగ్గర పాడిందే అతని ఆఖరి ప్రోగ్రాం. దుబాయ్‌లో పోయిన తమ్ముడి మీద అతను కట్టుకున్న పాట, చివర 'తమ్మీ' అని ఎత్తే ఆ పిలుపు. సగంలో గొంతు చీలిపోయింది. పోరగాళ్లు ఈలలేసి నవ్వారు. అతను మైకు కింద పెట్టి, పోయి వ్యాన్‌లో కూర్చున్నాడు. అప్పుడు నవ్విన వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

మనిద్దరం ఆ వ్యాన్ వెనక ఎన్ని ఊళ్లు తిరిగాం! నీ పేరు మీద నేను, నా పేరు మీద నువ్వు పాటల చీటీలు రాసి స్టేజీ మీదికి పంపి, మైకులో పేరు చదివితే ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? టీవీలో పాట నాకు మూగబొమ్మ. స్పీకరు ముందు కూర్చుంటేనే పాట నా ఛాతీకి తగులుతుంది. నాకు మిగిలిన సంగీతం అదొక్కటే. పోయి కూర్చోదగ్గ బృందం ఇంకేదైనా మిగిలిందా? నీకు నలుగురు తెలుసు, కనుక్కుని చెప్పు.

రాంచందర్


కరీంనగర్,
9 ఫిబ్రవరి 2024

రాంచందర్ మహాశయా,

నీ ఉత్తరం చదివితే ఎవరో పోయినట్టే ఉంది. పాటగాళ్లకు కూడా వయసొస్తుందయ్యా. గొంతు ఒకరోజు ఉంటుంది, ఒకరోజు పోతుంది. హనుమండ్లు కాస్త అభిమానం గల మనిషి. నలుగురిలో నవ్వుబాటు అయిందని ఇంట్లో కూర్చున్నాడు, నాలుగు రోజులైతే సర్దుకుంటాడు. కోమల మాటలు మనసులో పెట్టుకోకు. ఇంట్లో మగమనిషి పని లేకుండా కూర్చుంటే ఏ ఆడమనిషి నోట మంచిమాట వస్తుంది? అతన్ని కొంతకాలం అలా వదిలెయ్. మళ్లీ మళ్లీ పోకు.

ఇక నువ్వడిగిన సంగతి. గణపతి కమిటీ పెద్దగా చెబుతున్నాను, రాసుకో. మా దగ్గర నరేశ్ అనే కుర్రాడి బృందం ఇప్పుడు జోరు మీద ఉంది. పదకొండు మంది, అందరికీ ఒకే రంగు కోట్లు, స్టేజీ మీద పొగ కూడా వస్తుంది. నిర్మల్ వాళ్లు పాతపాటలు బాగా పాడతారట. మంచిర్యాలలో ఇద్దరు అక్కచెల్లెళ్లు పాడుతున్నారు, వాళ్ల డోలక్ మనిషి ఒకప్పుడు కిన్నెరలో వాయించినవాడే. వసంత పంచమికి నరేశ్ బృందం బాసరలో పాడుతోంది. నేను కారులో వస్తాను, నువ్వు బస్సుకు రా. అమ్మవారి దర్శనమూ అవుతుంది, నీ ఛాతీకి కావలసిన మోతా దొరుకుతుంది.

దిగులు పెట్టుకోకు. ఒక బృందం పోతే పది వస్తాయి.

నీ
విద్యాధర్


బెల్లంపల్లి,
17 మార్చి 2024

విద్యా,

బాసరలో నీ మొహం చూసి అక్కడ అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను. నీ నరేశ్ పాడలేదు. నోరు కదిలించాడు. చెవిటివాణ్ణి కదా, నేను పెదవులు చూస్తాను. పెదవులు మూసుకున్నాక కూడా స్పీకర్లో పాట నడుస్తూనే ఉంది. పదకొండు మందిలో నలుగురి గిటార్లకు వైరే లేదు. ఆ పొగకు ముందు వరుసలో ముసలామె దగ్గి దగ్గి లేచిపోయింది.

నిర్మల్ వాళ్లనూ చూశాను. పాటగాడు సెల్‌ఫోన్ చూసి చదువుతాడు. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే పాట ఆగింది. మంచిర్యాల అక్కచెల్లెళ్లు నిజంగా పాడతారు, వాళ్లకు దండం. కానీ గంటకోసారి మైకు పట్టుకోవడానికి ఎవరో ఒక నాయకుడు వస్తాడు, వాళ్లు పక్కన నిలబడి ఎదురుచూస్తారు. అందరికంటే నచ్చింది ఆసిఫాబాద్ దగ్గర ఒక పెళ్లిలో విన్న బ్యాండు మేళం. మరాఠీ మాట్లాడేవాళ్లు. పెద్ద డ్రమ్ము కొట్టే అతను చెమటతో తడిసిపోయి, పెళ్లివాళ్లు చాలన్నా ఆపలేదు. అతని పక్కనే నడిచాను. ఊరేగింపు అయ్యేసరికి నా కళ్లలో నీళ్లొచ్చాయి. అయినా అది హనుమండ్లు కాదు.

ఒక సంగతి నీ దగ్గర దాచాను. నిరుడు జూన్‌లో హనుమండ్లు మా ఇంటికి వచ్చాడు. గొంతులో కాయ ఉందని డాక్టర్ చెప్పాడట. "అన్నా, తమ్ముని పాటల గా పిలుపు ఇగ ఎత్తొద్దన్నడు. ఎత్తితె గొంతే పోతదట. ఎవలకు చెప్పకు. విద్యాధర్ సారుకు సుత చెప్పకు. కమిటీలోల్లకు ఎరుకైతె బుకింగులు రావు" అన్నాడు. వాళ్ల ఇంట్లో కోమలకు, బయట నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒట్టు వేయించుకున్నాడు, అందుకే నీకు చెప్పలేదు. కోపగించుకోకు. ఆ రోజు నుంచి ఏ ఊళ్లోనూ ఆ పాట పాడలేదు. మీ గల్లీలో మాత్రం ఎందుకు ఎత్తుకున్నాడు? వాయిద్యం మొదలై ఛాతీకి తగలగానే ఏ పాటో నాకు తెలిసింది. లేచి నిలబడి వద్దు వద్దని చేతులు ఊపాను. అప్పటికే కళ్లు మూసుకున్నాడు.

చీటీ వచ్చి ఉంటుంది. అతని పద్ధతి నీకు తెలుసు కదా, "చీటీ మైకుల చదివినంక పాడకుంటె, పేరిచ్చినాయన ఇజ్జత్ తీసినట్టే" అంటాడు. ఆ చీటీ పంపిన దుర్మార్గుడెవరు? నువ్వు స్టేజీ మీద కుర్చీలో ఉన్నావు. చీటీలన్నీ నీ ముందు నుంచే పోయాయి. నువ్వు చూసే ఉంటావు.

రాంచందర్


కరీంనగర్,
2 ఏప్రిల్ 2024

రాంచందర్,

ఉత్తరం అందింది. పనుల వల్ల జవాబు ఆలస్యమైంది.

గొంతులో కాయ సంగతి నాకెందుకు చెప్పలేదు? యాభై ఏళ్ల స్నేహితుణ్ణి. నేను బుకింగు ఆపుతానా? ఆపేవాణ్ణే అయితే ఇరవై ఏళ్లు అతన్ని మా మంటపానికి ఎందుకు పిలిపిస్తాను? ఒట్టు అన్నావు. ఒట్టు పెద్దదా, నేను పెద్దా? నాకు ఒక్కమాట చెప్పి ఉంటే చాలా బాగుండేది. ఎందుకు చెప్పలేదు?

ఆ రోజు చీటీలు చాలా వచ్చాయి. మైకు దగ్గర యాంకరు వందన చదువుతోంది, నేను వచ్చిన పెద్దలతో మాట్లాడుతున్నాను. నేను చూడలేదు. ఇప్పుడు దాన్ని తవ్వితే ఏమొస్తుంది?

మా అమ్మాయి ప్రణతి చెవి మిషన్లు అమ్మే డాక్టరు ఒకాయన మంచివాడని చెబుతోంది. నీ పాత మిషన్ పారేసి కొత్తది కొనిపిస్తాను, డబ్బు సంగతి నువ్వు ఎత్తవద్దు. గోదావరిఖనిలో మే నెలలో ఒక బృందం వస్తోందట, కేరళ వాళ్ల వాయిద్యాలు. ఇద్దరం పోదాం.

విద్యాధర్


బెల్లంపల్లి,
20 జూన్ 2024

విద్యాధర్,

గోదావరిఖని నేను రాలేదని నిష్ఠూరంగా కార్డు రాశావు. మిషన్ వాళ్లు కూడా మా ఇంటికి మనిషిని పంపారు. తిప్పి పంపాను.

నిన్న మెట్‌పల్లి పోయాను. పోవద్దన్నావు, పోయాను. ఈసారి గేటు దగ్గర కదలకుండా నిలబడ్డాను. ఎండలో గంట సేపు నిలబడ్డాక కోమల వచ్చి వరండాలోకి రానిచ్చింది. మే నెలలో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయిందట. "గొంతు పోయింది సార్. ఇగ గుసగుసనే. పాట లేదు, మాట లేదు. సంబురమేనా?" అంది. నేనేం చేశానమ్మా అని అడిగాను. లోపలికి పోయి ఒక స్టీలు డబ్బా తెచ్చి, అందులోంచి కాగితం తీసి నా ముందు పడేసింది. "మీకొక్కలకే చెప్పిండు. మీకొక్కలకే ఎరుక. మీ పేరు మీదనే చీటీ వచ్చింది. చదువుండ్రి" అంది.

'తమ్ముని పాట పాడాలి. ఇట్లు రాంచందర్, బెల్లంపల్లి.'

ఆ రెండు ముక్కలూ ఎవరి దస్తూరీయో నాకు చదవనక్కరలేకుండానే తెలిసింది. ఈ వారంలో కూడా అదే దస్తూరీలో నాకు కార్డు వచ్చింది.

తొమ్మిది నెలలు! నేను ఆ దుర్మార్గుడెవరని నిన్నే అడిగాను. నువ్వు చూడలేదన్నావు. నువ్వు నాకు బాసర చూపించావు, మంచిర్యాల చూపించావు, గోదావరిఖని పోదాం రమ్మన్నావు. చూడదగ్గ బృందాల జాబితా ఇచ్చి నన్ను మెట్‌పల్లి పోకుండా ఆపావు. నీ కొత్త మిషన్ దేనికి వెలగా ఇవ్వబోయావో ఇప్పుడు అర్థమైంది.

నీ మీద ఉన్న కోపంతో నేను కోమలకు నీ పేరు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నేను చెబితే తప్పు ఇంకొకరి మీదికి నెడుతున్నానని అనుకుంటుంది, నమ్మదు. నువ్వే పోవాలి. హనుమండ్లు ముందు నిలబడి, చీటీ నేను రాశాను, రాంచందర్‌కు తెలియదు అని నీ నోటితో చెప్పాలి. నాకింకేమీ వద్దు. ఒంట్లో ఊపిరి ఉండగా ఆ మనిషి నన్ను నమ్మకద్రోహి అనుకోవడం నేను భరించలేను.

రాంచందర్


కరీంనగర్,
5 జులై 2024

రాంచందర్,

రాసింది నేనే.

వేదిక మీది నుంచి చూస్తే నువ్వు ముందు వరుసలో చాప మీద కూర్చున్నావు. ఆ ఏడాది అతను ఆ పాట ఎక్కడా పాడలేదని నాకూ తెలుసు, ఎందుకో తెలియదు. నువ్వు దాని కోసమే అంత దూరం నుంచి వచ్చావనుకున్నాను. ఎప్పటిలాగే నీ పేరు రాసి పంపాను. నిన్ను సంతోషపెడదామని. ఇరవై ఏళ్లుగా మనం ఆడుకున్న ఆటే కదా. నువ్వు ముందే ఒక్కమాట చెప్పి ఉంటే నా చెయ్యి కలం పట్టేది కాదు. ఇందులో నీ మౌనం పాలు లేదా? నన్ను కమిటీ మనిషిగా చూశారు మీరిద్దరూ. మీ ఇద్దరి మధ్య రహస్యం ఉంది, నాకు అందులో చోటు లేదు. అది కూడా నాకు కష్టంగానే ఉంది, రాయకుండా ఉండలేను.

గొంతు చీలిన క్షణంలోనే నేను చేసింది నాకు తెలిసింది. ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాను. మర్నాడనుకున్నాను. రోజులు పోయిన కొద్దీ నోరు రాలేదు.

మొన్న బుధవారం కారు తీసుకుని మెట్‌పల్లి పోయాను. శాలువా, పండ్లు కూడా కొన్నాను. బస్టాండు ఎదురుగా హోటల్లో చాయ్ తాగాను. శాలువాతో ఆ ఇంట్లోకి ఎలా పోతాననిపించింది. సన్మానం చేయడానికి వచ్చినట్టు ఉంటుంది. తిరిగి వచ్చేశాను. నన్ను పిరికివాడనుకో. నిజమే.

విద్యాధర్


బెల్లంపల్లి,
11 జులై 2024

చాయ్ తాగి వచ్చినందుకు సంతోషం.

గణపతి మంటపం లేచేలోగా పో. లేకపోతే నేను వచ్చి మీ గల్లీ మైకులోనే చదువుతాను. బెదిరింపు అనుకో.

రాంచందర్


కరీంనగర్,
20 సెప్టెంబర్ 2024

రాంచందర్,

పోయాను. ఉత్త చేతులతో పోయాను. నిమజ్జనం అయిన మర్నాడు, నువ్వు పెట్టిన గడువు దాటాక. ఈ ఏడాది మా మంటపానికి ఏ బృందాన్నీ పిలవలేదు, పిల్లలు డీజే పెట్టుకున్నారు. నేను కమిటీ పెద్దరికం నుంచి తప్పుకున్నాను.

హనుమండ్లు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నువ్వు కోరినట్టే చెప్పాను. చీటీ నాది, దస్తూరీ నాది, రాంచందర్‌కు తెలియదు. కోమల తిట్టింది. తిట్టవలసినన్ని తిట్లు తిట్టింది, నేను నిలబడి విన్నాను. అతను ఆమెను ఆపి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వినడానికి చెవి అతని నోటి దగ్గర పెట్టవలసి వచ్చింది. అతనన్నది ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"చీటీ ఎవలు రాస్తేంది సార్. మైకుల పేరు చదివినంక నేను అన్న దిక్కు చూసిన. వద్దని చెయ్యి ఊపుతడనుకున్న. చెయ్యి ఊపితె వాయిద్యం మొదలు పెట్టనియ్యకపోదును. అన్న నన్ను చూసి నవ్వి, రెండు చేతులు లేపి సప్పట్లు కొట్టిండు. అన్నకే లేని ఫికర్ నాకెందుకు అని ఎత్తుకున్న."

అంతే అన్నాడు. నీ మీద కోపంగా అనలేదు. చెప్పడానికి అలసిపోయి పడుకున్నాడు.

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పది నెలలు దాచి ఒకసారి చెడ్డాను, మళ్లీ దాచదలుచుకోలేదు. ఇంకొక నిజం కూడా రాస్తాను. ఆ మాట విన్నాక కారులో వస్తుంటే నా గుండె కొంచెం తేలికైంది. అందుకు నాకు సిగ్గుగా ఉంది, అయినా తేలికైంది.

విద్యాధర్


బెల్లంపల్లి,
10 నవంబర్ 2024

విద్యాధర్ రావుకు,

నీ ఉత్తరం అందిన నెలన్నరకు జవాబు రాస్తున్నాను. నీ గుండె తేలికైనందుకు నాకేమీ అభ్యంతరం లేదు. ఇకమీదట ఏ బృందం చూడాలో నువ్వు నాకు రాయనక్కరలేదు. ఈ ఉత్తరంతో మన రాతకోతలు చాలు.

చప్పట్లు కొట్టాను. నిజమే. స్పీకరు దగ్గర కూర్చుంటే నా మిషన్ కీచుమని అరుస్తుంది. అందుకని తీసి జేబులో వేసుకుంటాను. వందన ఏదో చదవడం చూశాను, ఏమి చదివిందో వినలేదు. హనుమండ్లు నన్ను చూశాడు. ప్రతి ఊళ్లోనూ ఒకసారి నన్ను వెతికి చూసి నవ్వేవాడు, అలాగే పలకరిస్తున్నాడనుకున్నాను. పలకరింపుకు చప్పట్లు కొట్టాను. ఇంతే జరిగింది.

ఇది చెప్పడానికి నిన్న మెట్‌పల్లి పోయాను. కోమల గేటు తీసింది. "రా అన్నా" అంది. ఆ ఒక్క మాటకే నాకు ఏడుపొచ్చింది. హనుమండ్లు సగం అయ్యాడు. మంచం పక్కన కుర్చీ వేశారు. జేబులోంచి మిషన్ తీసి చూపించాను, చెవికి పెట్టి తీసి, ఆ రోజు ఇట్లా ఉన్నానని చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. అర్థమైందనే అనుకుంటున్నాను.

తర్వాత అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ గుసగుస నాకు అందలేదు. మిషన్ పెంచితే ఫ్యాన్ చప్పుడు పెరిగింది. నోటి దగ్గర చెవి పెట్టాను, ఊపిరి వెచ్చగా తగిలింది, మాట రాలేదు. పెదవులు చూద్దామంటే ఆపరేషన్ తర్వాత మూతి ఒక పక్కకు లాగింది, ఒక్క మాటా పోల్చుకోలేకపోయాను. కోమల పక్కన నిలబడి అతని మాటలు గట్టిగా అరిచి చెప్పింది. "మంచిగున్నవా అంటుండు. కాళ్ల నొప్పులు తగ్గినయా అంటుండు." అట్లా కొంతసేపు నడిచింది. పక్కింటి నుంచి కనకవ్వ అనే ఆమె పిలిస్తే కోమల పోయింది. నేను నోటుబుక్కు, పెన్ను ఇవ్వబోయాను. తోసేశాడు. జీవితమంతా నోటితో బతికిన మనిషి.

ఇద్దరమే మిగిలాం. అతను నా చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు చెప్పాడు. చెబుతుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. చివర ఆగి నా ముఖంలోకి చూశాడు. ఏదో అడిగాడు. జవాబు కోసం చూస్తున్నాడని తెలుస్తోంది. వినబడలేదని ఎట్లా చెప్పను? అంత కష్టపడి అన్న మాటను మళ్లీ అనమని ఎట్లా అడగను? నవ్వి, అవునన్నట్టు తల ఊపాను.

అతను నా చెయ్యి వదిలేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రాంచందర్